ఒంగోలు, కావలి, నెల్లూరు: మేనత్త కోసం చూసిన వృద్ధాశ్రమాలు

మా మేనత్త అల్లూరు దగ్గరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. భర్త కాలం చేశారు, పిల్లలు లేరు. నిరుడు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగడంతో నెల్లూరులో ఆపరేషన్ చేయించాం. గాయం మానింది గాని అప్పటినుంచి వాకర్ లేనిదే అడుగు వేయలేరు; మధుమేహానికి ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఇన్సులిన్ తప్పదు. ఇంట్లో పనిమనిషిని పెట్టి చూశాం. సంక్రాంతికి, ఊళ్లో తిరునాళ్లకు, బంధువుల పెళ్లికి అంటూ ఆమె సెలవు పెట్టిన ప్రతిసారీ అత్త ఒంటరిగా మిగిలేవారు. హోములో చేరతానన్న మాట చివరికి అత్త నోటినుంచే వచ్చింది. "మీ ఇళ్లకు రమ్మంటే వస్తాను అమ్మణ్ణీ, కాని మీరంతా ఉద్యోగాలకు పోయాక తాళం వేసిన ఫ్లాటులో పగలంతా కూర్చోవడం నావల్ల కాదు" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, నిజం ఉంది.

నేనుండేది ఒంగోలులో. అన్నదమ్ములు బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉన్నారు. అందువల్ల ఒంగోలునుంచి సింగరాయకొండ, కావలి మీదుగా నెల్లూరు వరకు రైలు మార్గం, పదహారో నంబరు జాతీయ రహదారి పక్కపక్కనే సాగే ఈ పట్టీలోనే వెతకాలని నిశ్చయించుకున్నాం. మొదట నేను ఒక్కదాన్నే తిరిగి చూసి, పనికిరానివి తీసేసి, మిగిలిన వాటికి అత్తను వెంటబెట్టుకుని వెళ్లాను. ఉండబోయేది ఆవిడ గనుక ఆవిడ కంటితో చూడకుండా డబ్బు కట్టకూడదనుకున్నాను.

ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు చూసిన హోము పైకి చాలా బాగుంది. కొత్త భవనం, లిఫ్టు, రెండు వరుసల కొబ్బరిచెట్ల మధ్య నడక దారి, ప్రతి గదికీ ఏసీ. నెలకు 25,000 రూపాయలు, దానిపై లక్ష రూపాయల డిపాజిట్. గది చూపిస్తున్నప్పుడు మంచం పక్కన ఉండాల్సిన పిలుపు గంట తీగ కిటికీ చువ్వకు చుట్టి ఉండడం కనబడింది. మంచం మీద పడుకున్న మనిషి చెయ్యి చాచినా అందని ఎత్తులో ఉంది. అలా ఎందుకు కట్టారని అడిగితే, ఆ గదిలోని పెద్దాయన ఊరికే నొక్కుతుంటారని అక్కడి అమ్మాయి చెప్పింది. తర్వాత ఆరోగ్య రిజిస్టరు చూపమన్నాను. వారం రోజులుగా ఆ అంతస్తులో ఉన్న అందరి రక్తపోటూ 120/80 అనే రాసి ఉంది. ఎనభై ఏళ్లు దాటిన అంతమందికి రోజూ ఒకే అంకె రావడం జరిగే పని కాదు. యంత్రం చేతికి తగలకుండానే అంకె కాగితం మీదికి ఎక్కుతోందన్నమాట. మా ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో, ప్రభుత్వ బోధనాసుపత్రికి దగ్గరలో ఉన్నా ఆ హోమును వదులుకున్నాను.

సముద్రతీరం వైపు దాతల సాయంతో నడిచే ఒక ఆశ్రమం కూడా చూశాను. అక్కడివారి ఆదరణకు చేతులెత్తి మొక్కాలి; ఎవరూ లేనివారిని రోడ్డుమీదినుంచి తెచ్చి స్నానం చేయించి అన్నం పెడుతున్నారు. అయితే అది నిలువ నీడ లేనివారికోసం పెట్టినది. పెన్షన్ వచ్చే మా అత్త అక్కడ ఒక మంచం ఆక్రమించడం ధర్మం కాదనిపించింది. నిరుపేద వృద్ధులకోసం జిల్లాకు ఒక్కటైనా, కనీసం 150 మందికి చోటుండేలా ఆశ్రమాలు నెలకొల్పవచ్చునని తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే చెప్పింది. అవి అవసరానికి తగినన్ని ఉంటే ఇలాంటి చిన్న ఆశ్రమాల మీద ఇంత భారం పడదు.

నెల్లూరు ప్రయాణం అత్తతో కలిసి చేశాం గనుక ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తుంటి ఆపరేషన్ అయినవారికి ఆర్టీసీ బస్సు మెట్టు ఎత్తు ఎక్కువ. రైలయితే పెట్టెకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు భయపెడుతుంది. అందుకని కారు మాట్లాడుకున్నాం. సీటు పల్లంగా ఉంటే మోకాళ్లు తుంటికన్నా పైకి వస్తాయి, అది మంచిది కాదని డాక్టరు ముందే హెచ్చరించడంవల్ల దళసరి దిండు వేసి కూర్చోబెట్టాం. నెల్లూరులో మొదట దిగిన లాడ్జిలో లిఫ్టు ఉందన్నారు. ఉన్నమాట నిజమే గాని, లిఫ్టు దాకా వెళ్లడానికి వీధినుంచి ఐదు మెట్లు ఎక్కాలి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. స్నానాల గదిలో నున్నటి టైల్సు. అక్కడ ఉండలేక దర్గామిట్ట వైపు మరో లాడ్జికి మారాం. అక్కడ గది పాతదే, గోడలకు రంగు వెలిసింది, కాని నేలకు సమానంగా వాలుదారి ఉంది. అడగ్గానే కుర్రవాడు స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిపెట్టాడు. పెద్దవారితో ప్రయాణించేవారు గది బుక్ చేసేముందు లిఫ్టు ఉందా అని కాదు, వీధినుంచి మంచం దాకా ఎన్ని మెట్లు ఉన్నాయని అడగడం మేలు.

నెల్లూరు పట్టణంలో చూసిన హోములలో ఒకదాని గురించి జాగ్రత్తగా చెప్పాలి. నెలసరి ఫీజు ఏమీ వద్దు, అల్లూరులో ఉన్న ఇంటిని తమ సంస్థ పేర రాసిస్తే జీవితాంతం చూసుకుంటామన్నారు. వినడానికి ఇంపుగా ఉన్న మాట గనుకే భయమేసింది. పైన చెప్పిన చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, కనీస వసతులు, అవసరాలు చూడాలన్న షరతుతో వృద్ధులు ఆస్తిని బదిలీ చేస్తే, తీసుకున్నవారు ఆ మాట తప్పినప్పుడు బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాసి ఉంటేనే బలం. నోటిమాటగా ఇచ్చిన హామీని రుజువు చేయడం కష్టం. అసలు, వాకర్ పట్టుకుని నడిచే మనిషి సొంత ఇల్లు రాసిచ్చాక, నచ్చకపోతే తిరిగి వెళ్లడానికి చోటేది? అత్త అక్కడ ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు.

రెండోది ఆసుపత్రులకు బాగా దగ్గర. నర్సులు చదువుకున్నవారు, మందుల పట్టిక చక్కగా ఉంది. ఫలానా మంచం మీది ముసలమ్మను ఎన్ని గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నారని అడిగితే, రెండు గంటలకొకసారి తిప్పి సంతకం చేసిన కాగితం చూపించారు. మంచం పట్టినవారికి పుండ్లు పడకుండా ఉండాలంటే అదే దారి. అయితే మూడు మంచాలు పట్టే గదిలో ఐదు వేశారు. వాకర్ తిప్పడానికి చోటు లేదు. బయటకు చూస్తే పక్క అపార్టుమెంటు గోడే. మంచం పట్టినవారిని చేర్చేవారికి ఈ హోమునే నేను సిఫారసు చేస్తాను. ఇంకా నడవగలిగే మనిషికి మాత్రం అది తగినది కాదు.

కోవూరు దాటి జొన్నవాడ వెళ్లే వైపు చూసిన హోము అత్తకు ఎంతో నచ్చింది. మామిడిచెట్టు కింద రచ్చబండ, కామాక్షమ్మ గుడికి శుక్రవారం తీసుకెళ్లే వ్యాను, మునగాకు వేసి వండిన పప్పు. నా మనసు మాత్రం 2021 నవంబరు దగ్గర ఆగిపోయింది. ఆ నెలలో సోమశిల జలాశయంనుంచి వచ్చిన నీటితో పెన్న పోటెత్తి కోవూరు వైపు ఊళ్లు మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారీ దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. ఏటికి ఆ ఒడ్డున మనిషి, ఈ ఒడ్డున ఆసుపత్రి అయితే ఎలా? నిర్వాహకుణ్ణి అడిగితే, మిద్దె మీదికి చేర్చి భోజనానికి లోటు లేకుండా చూస్తామన్నారు. ఇన్సులిన్ నిల్వ గురించి, కరెంటు పోతే ఫ్రిజ్ గురించి ఆలోచించినట్టు లేదు. వాడని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మన జిల్లాల్లో అక్టోబరు, నవంబరు తుపాన్లకు కరెంటు పోవడం కొత్త కాదు. ఇదంతా దారిలో చెబితే అత్త చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "నువ్వు చెప్పేది నిజమే, గుడికి పండక్కి పోతే చాలు" అన్నారు.

కావలిలో చూసిన హోముకు బోర్డు కూడా పెద్దగా లేదు. పాత మిద్దె ఇంటికి వెనక రెండు గదులు కలిపి కట్టారు. ఉండేది పాతికమంది లోపే. పగలు చూసినప్పుడు మామూలుగానే అనిపించింది. రాత్రి భోజనాలు అయ్యాక, ముందుగా చెప్పకుండా మళ్లీ వెళ్లాను. తలుపు కొట్టిన కాసేపటికే నలభై ఏళ్ల ఆయా వచ్చి, నేనెవరో ఏమిటో అడిగి, లోపలికి ఫోన్ చేసి కనుక్కున్నాకే గొళ్లెం తీసింది. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. ఇన్సులిన్ వేసుకునేవారికి రాత్రి చెమటలు పట్టి మాట తడబడితే ఏం చేస్తావమ్మా అని అడిగాను. "ముందు మిషన్ పెట్టి షుగర్ చూస్తానమ్మా. తక్కువుండి, తెలివి ఉంటే చక్కెర నీళ్లు తాగిస్తా. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పొయ్యను, 108కి ఫోన్ చేసి అయ్యగారిని లేపుతా" అంది. అయ్యగారు అంటే నిర్వాహకుడు. ముందు గదిలోనే పడుకుంటారు. ఇదే ప్రశ్నకు ఒంగోలులోని ఖరీదైన హోములో వచ్చిన జవాబు, మేనేజరుగారు పొద్దున వచ్చాక చెబుతామని. హోము మంచిచెడ్డలు తేలేది రాత్రి పదినుంచి తెల్లవారుజాము ఐదు దాకా అని నా నమ్మకం. ఆ వేళలో మెలకువగా ఉండే మనిషి ఎవరు, ఆమెకు ఏం తెలుసు అన్నది తెలుసుకోకుండా ఎవరినీ ఎక్కడా చేర్చకండి.

అక్కడ లోపాలూ ఉన్నాయి. గదులకు ఏసీ లేదు, మే నెలలో కష్టమే. కమోడ్ పక్కన పట్టుకునే కమ్మీ కుడివైపు మాత్రమే ఉంది. ఆపరేషన్ అయినది కుడి తుంటి గనుక లేచేటప్పుడు అత్త ఎడమ కాలి మీద బరువు మోపుతారు, ఎడమ చేతికీ ఆసరా కావాలి. అత్త తానే కూర్చుని లేచి చూసి, చెయ్యి ఎక్కడికి చాస్తే అందుతుందో గోడ మీద సుద్దతో గీత గీశారు. రెండోసారి వెళ్లేసరికి అదే ఎత్తులో స్టీలు కమ్మీ బిగించి ఉంది. పెద్ద ఆసుపత్రులు నెల్లూరులో ఉన్నాయి, దారిలో పెన్న దాటాలి. అయితే కావలిలోనే ఏరియా ఆసుపత్రి ఉంది. నెల్లూరు దారి తెగిన రోజున ఉత్తరంగా ఒంగోలు రావచ్చు. కోవూరు హోముకు లేని వెసులుబాటు ఇదే.

అన్నిటికంటే మించి, అల్లూరు అక్కడికి దగ్గర. అత్తతో పనిచేసినవారు, ఆవిడ దగ్గర చదువుకున్నవారు కావలికి ఏదో ఒక పనిమీద వస్తూనే ఉంటారు. ఒంగోలులో చేరిస్తే చూసేందుకు నేనొక్కదాన్నే వెళ్లేదాన్ని. చెప్పకుండా వచ్చిపోయే మనుషులు ఎంత ఎక్కువమంది ఉంటే హోములో శ్రద్ధ అంత నిలుస్తుంది. కెమెరాలు ఎన్ని పెట్టినా ఆ పని చేయలేవు.

నెలకు 16,000 రూపాయలు. మందులు, డయాపర్లు, ఫిజియోథెరపీ వేరు. చేరేముందు ఒప్పందం కాగితం మీద రాయించుకున్నాం: ఒక నెల చూసుకుని నచ్చకపోతే డిపాజిట్ పూర్తిగా తిరిగివ్వాలి, ఆసుపత్రిలో ఉన్న రోజులకు భోజనం ఖర్చు తగ్గించాలి, ఆరోగ్యం మరింత క్షీణించి మంచం పట్టినా పంపేయకూడదు, పంపక తప్పకపోతే నెల ముందు చెప్పాలి. బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు అత్త దగ్గరే ఉంటాయి. పెన్షనర్ల హెల్త్ కార్డు నకలు హోముకు ఇచ్చాం, ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రానికి సాయపడతామన్నారు. వృద్ధుల సహాయ ఫోన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుందని పెద్ద అక్షరాలతో రాసి ఆవిడ మంచం పక్కన అంటించాం. అది చూసి నిర్వాహకుడు నొచ్చుకోలేదు సరికదా, మిగతా గదుల్లోనూ అంటించమన్నారు.

ఇప్పుడు అత్త అక్కడే ఉన్నారు. సాయంత్రాలు ఇద్దరు ముగ్గురికి దినపత్రిక చదివి వినిపిస్తున్నారు. సాంబారులో పులుపు ఎక్కువని ఫిర్యాదు. నాకున్న ఫిర్యాదు ఫిజియోథెరపిస్టు గురించి: వారానికి రెండుసార్లే వస్తున్నారు, తుంటికి అది చాలదు. మూడోరోజు కూడా పంపమని అడిగాం. కుదరదంటే కావలిలోనే మరొకరిని మాట్లాడి, హోము అనుమతితో మేమే పంపిస్తాం.