మధ్య చోటు చూసి కొనండి: ఒకే కాన్పులో ముగ్గురి కోసం మేం కొన్న సామాను, బండి

ఒకే కాన్పులో ముగ్గురు పుట్టబోతున్నారని స్కానింగులో తేలిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఏ వస్తువు చూసినా ఒకటే ప్రశ్న: ఇందులో మూడో బిడ్డ ఎక్కడ? పిల్లల సామాను చాలావరకు ఒక్కరి కోసం తయారవుతుంది. కవలల కోసం కొంత దొరుకుతుంది. ముగ్గురి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికి సరైన చోటు ఇచ్చి, మూడో బిడ్డను మధ్యలో సర్దేస్తారు. కార్లోనూ అంతే, తోపుడు బండిలోనూ అంతే. అందుకే నేను మార్కులు వేసేది ఆ మధ్య చోటును బట్టి. మా ముగ్గురూ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఇదంతా రోజూ వాడుతూ తెలుసుకున్నదే.

చాలామంది ముందు పెద్ద కారు చూసుకుని ఆ తర్వాత కార్ సీట్ల సంగతి ఆలోచిస్తారు. నా మాట వింటే సీట్లు ముందు కొనండి, కారు తర్వాత చూడండి. ముగ్గురు ఉన్న కాన్పు సాధారణంగా నెలలు నిండకముందే, 32 నుంచి 34 వారాల మధ్యలోనే అయిపోతుంది. బిడ్డలు రెండు కిలోలలోపు ఉండటం మామూలు. సీటు పెట్టె మీద గరిష్ఠ బరువు పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది కానీ మనం వెతకవలసింది కనిష్ఠ బరువు. కొన్ని సీట్లు 1.8 కిలోల నుంచే పనికొస్తాయి, కొన్ని 2.3 కిలోలు దాటితేనే. భుజం పట్టీలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా చూడండి. వెనక్కి తిరిగి ఉండే సీటులో పట్టీ బిడ్డ భుజానికి సమంగా గానీ కాస్త కిందగా గానీ మొదలవ్వాలి. చెవుల దగ్గర్నుంచి వస్తోందంటే ఆ సీటు ఆ బిడ్డకు ఇంకా పెద్దదే.

నెలలు నిండని పిల్లలను ఇంటికి పంపే ముందు చాలా ఆసుపత్రుల్లో కార్ సీటు పరీక్ష చేస్తారు. బిడ్డను తన సీటులోనే కూర్చోబెట్టి, 90 నుంచి 120 నిమిషాల పాటు ఊపిరి, గుండె వేగం, ఆక్సిజన్ గమనిస్తారు. సగం కూర్చున్నట్టుండే ఆ భంగిమలో తల ముందుకు వాలిపోతే బిడ్డకు ఊపిరి అందదు, అందుకే ఈ జాగ్రత్త. మా చిన్నదానికి మొదటిసారి ఆక్సిజన్ తగ్గింది. కొన్నాళ్లు ఆగి మళ్లీ చూసి, సరేనన్నాకే పంపారు. ముగ్గురూ ఒకే రోజు ఇంటికి రాకపోవచ్చు కాబట్టి సీట్లు విడివిడిగా, ముందే చేతిలో ఉండటం మాకు ఎంతో కలిసొచ్చింది.

ఇక వెడల్పు. మేం పిల్లల కార్ సీట్ల భద్రతకు పెట్టిన ఆర్129 ప్రమాణం ఉన్న ఐ-సైజ్ రకం సీట్లు తీసుకున్నాం. 2013లో అమల్లోకి వచ్చిన ఈ ప్రమాణం ప్రకారం బిడ్డకు 15 నెలలు దాటేవరకు సీటు వెనక్కే తిరిగి ఉండాలి. ఐ-సైజ్ సీటు 44 సెంటీమీటర్ల వెడల్పులో ఇమడాలి. మూడు కలిపితే 132. మా పాత కారు వెనుక సీటుకు లెక్క సరిపోయింది, తలుపులు కూడా పడ్డాయి. మధ్య సీటును బిగించబోతే అసలు కష్టం బయటపడింది. పిల్లల సీటును బెల్టు లేకుండా నేరుగా కారుకే బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు చాలా కార్లలో పక్క రెండు చోట్లే ఉంటాయి, మధ్యలో బెల్టే దిక్కు. ఆ బెల్టు నాలుక దూర్చాల్సిన బకిల్ రెండు సీట్ల మధ్య సందులోకి దిగిపోయింది. మా ఆయన వేళ్లు అక్కడికి చేరలేదు. నా వేళ్లు చేరాయి కానీ, క్లిక్ మన్న చప్పుడు వినడమే తప్ప పట్టుకుని లాగి చూసే వీల్లేదు. బెల్టు పోయే చోట సీటును పట్టుకుని ఊపితే అది 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు. మధ్యది అంతకంటే ఎక్కువే కదిలింది. ఆ కారును అమ్మేయాలని అక్కడే తేల్చుకున్నాం.

బండి చూడటానికి వెళ్లినప్పుడల్లా మూడు సీట్లూ, తోపుడు బండీ వెంట తీసుకెళ్లాం. అమ్మేవాళ్లు ఇంజిన్ గురించి చెబుతుంటే మేం వెనుక వరుసలో సీట్లు బిగించుకుంటూ కూర్చున్నాం. మొహమాటపడకండి, ఈ పని చేయకుండా బయానా ఇవ్వకండి. ముందు మధ్య సీటు బిగించి, ఆ తర్వాతే పక్కవి పెట్టండి. రెండో వరుసలో మూడు విడి సీట్లు, మూడింటికీ ఐసోఫిక్స్ ఉన్న బండ్లు తక్కువే కానీ లేకపోలేదు. పాత ప్యూజో 5008 మోడళ్లు, సిత్రోయెన్ బెర్లింగోలో కొన్ని రకాలు ఆ కోవలోవి. మేం తీసుకున్నది పక్కకు జరిగే తలుపులున్న వాడిన వ్యాను. ఇరుకు పార్కింగులో పక్క బండికి తగలకుండా తలుపు పూర్తిగా తెరిచి, బిడ్డను సీటుతో సహా నేరుగా లోపల పెట్టడం ఎంత హాయో చెప్పలేను. కాన్పు ఆపరేషన్ తర్వాత నడుము వంచలేని రోజుల్లో ఆ తలుపే నన్ను కాపాడింది.

ఏడు సీట్లు అన్న మాట విని మురిసిపోకండి. మూడో వరుస లేపితే డిక్కీలో తోపుడు బండి పట్టదు. రెండో వరుసలో మూడు కార్ సీట్లు పెట్టాక వెనక్కి వెళ్లే దారీ ఉండదు. మేం మూడో వరుసను ఎప్పుడూ మడిచే ఉంచుతాం. ఇంకో సంగతి: వెనక్కి తిరిగిన సీటు వీపు భాగం డ్రైవరు సీటుకు ఆనుకుంటుంది. మా ఆయన పొడగరి, మోకాళ్లు స్టీరింగుకు తగలకుండా కూర్చోగలడా అన్నది కూడా అక్కడే చూసుకున్నాం. ముందు సీటులో ఒక బిడ్డను పెడదామన్న ఆలోచన వస్తే, ఎయిర్‌బ్యాగ్ పనిచేసే చోట వెనక్కి తిరిగిన సీటు పెట్టడం ప్రాణాంతకమని గుర్తుంచుకోండి.

తోపుడు బండి విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ముగ్గురూ పక్కపక్కన కూర్చునేది చూడటానికి ముచ్చటగా ఉంటుంది, మామూలు గుమ్మంలో పట్టదు. ఒకరి వెనుక ఒకరు కూర్చునేది గుమ్మం దాటుతుంది, లిఫ్టులో నిలువునా దూరుతుంది కానీ మలుపు తిప్పడం బలం పరీక్షే. ఆ తిప్పలు తగ్గించడానికే పెగ్ పెరెగో తన ట్రిప్లెట్ బండికి పట్టుకునే చోట స్టీరింగు చక్రం పెట్టింది. మా దగ్గరున్నది వేరే రకం, సీట్లు ఊడదీసి ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. రోడ్డు మీద నుంచి కాలిబాట ఎక్కించాలంటే పిడిని కిందికి నొక్కి ముందు చక్రాలు లేపాలి. ముగ్గురి బరువుతో అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఏటవాలు దారి వెతుక్కోవలసిందే. ఇక్కడా మధ్య సీటే చూడండి. వెనుక సీటు బిగించి ఉన్నప్పుడు మధ్యది పూర్తిగా వాలుతుందా? మాది వాలుతుంది, ఆ ఒక్క గుణం కోసమే దాని పొడవునూ బరువునూ భరిస్తున్నాను. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు తోడుండే ఇంటికైతే కవలల బండి ఒకటి, ఒంటి బండి ఒకటి చాలు. పగలంతా ఒంటరిగా చూసుకునే తల్లికి మాత్రం ముగ్గురి బండే కొనివ్వండి, ఆమె గడప దాటి బయట గాలి పీల్చుకోవాలి.

పడకకు ముగ్గురికీ మూడు వేర్వేరు మంచాలు, గట్టి సమతల పరుపు, ఊచల మధ్య ఆరు సెంటీమీటర్లకు మించని సందు. ఏటవాలుగా ఊగే పడకలు ఎవరు కానుకగా ఇచ్చినా వద్దనండి. పసివాళ్ల మరణాల తర్వాత ఫిషర్-ప్రైస్ తన రాక్ ఎన్ ప్లే పడకలను 2019 ఏప్రిల్‌లో మార్కెట్టు నుంచి వెనక్కి తీసుకుంది, దాదాపు 47 లక్షలు.

పాల సంగతి లెక్కతోనే తేలిపోతుంది. ఒక్కొక్కరికి రోజుకు ఎనిమిది సార్లంటే మొత్తం 24. ఆరు సీసాలు పట్టే స్టెరిలైజర్ రోజుకు నాలుగు సార్లు తిరగాలి. రెండు వైపులా ఒకేసారి పాలు తీసే ఆసుపత్రి తరహా పంపు దొరికితే అద్దెకు తీసుకోండి, డబ్బు పెట్టదగిన వస్తువు అది. సీసాను దానంతట అదే నిలబెట్టే పరికరాలు మాత్రం ఇంట్లోకి రానివ్వలేదు. గొంతుకు పాలు అడ్డం పడితే చూసే కళ్లు అక్కడే ఉండాలి. మూడో బిడ్డకు పాలు పట్టే చేతులు మా అత్తగారివి. ఆమె రాలేని రాత్రుల్లో ఇద్దరికి పట్టి, మూడో బిడ్డను నా ఒళ్లో పెట్టుకుని ఊరుకోబెట్టేదాన్ని.

మంచాలు, తోపుడు బండి అవసరం తీరాక ఇంకో కుటుంబానికి ఇచ్చేస్తాం, మాట కూడా ఇచ్చేశాను. కార్ సీట్లు అడిగితే మాత్రం అడుగున ఉన్న గడువు తేదీ చూపించి, ఏ ప్రమాదంలోనూ దెబ్బతినలేదని రాసిచ్చి మరీ ఇస్తాను. మీరు వాడిన సీటు తీసుకునేటప్పుడు ఈ రెండూ అడగండి. జవాబు రాకపోతే ఆ సీటు అక్కడే వదిలేయండి.