పాత ఎక్స్‌పీ యంత్రంలో లిబ్రెఆఫీస్ 5.4: తెరమీద ఒక ఎడం, కాగితం మీద ఒక ఎడం

ఉచితంగా దొరికే ఆఫీసు సాఫ్ట్‌వేరు లిబ్రెఆఫీస్‌లో విండోస్ ఎక్స్‌పీ మీద నడిచేవాటిలో 5.4 వరుసే చివరిది. 2018లో వచ్చిన 6.0 నుంచి ఎక్స్‌పీకి చోటు లేదు కనుక, పాత కంప్యూటరును వదులుకోలేని నాలాంటివారు దీనితోనే సరిపెట్టుకోవాలి. ఇందులో ఏమేమి ఉన్నాయో వాడేవారందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క గడి గురించి. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో రైటర్ (పత్రాలు రాసుకునే భాగం), దాని కింద కంపాటిబిలిటీ అని వెళ్తే ‘యూజ్ ప్రింటర్ మెట్రిక్స్ ఫర్ డాక్యుమెంట్ ఫార్మాటింగ్’ అనే వరుస కనబడుతుంది. దాని ముందున్న టిక్కు తీసేసిన నాటి నుంచి నాకు పేజీలు కూర్చే పనిలో సగం తలనొప్పి పోయింది.

ఒక చిన్న సాహిత్య సంస్థ త్రైమాసిక పత్రికకు నేను పేజీలు కూర్చుతాను. ఇంట్లో ప్రూఫులు తీసేది ఇంక్‌జెట్ ప్రింటరు మీద, తుది ప్రతులు తీయించేది పట్టణంలోని ఒక జిరాక్సు దుకాణంలో లేజర్ మీద. మాకు వచ్చిన మాదిరి ఫైలు వర్డ్ 97 నాటిది. పూర్వం పనిచేసినవారు అందులో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కూర్చేవారు, తర్వాత అదే ఫైలులో యూనికోడ్ తెలుగు నింపుతూ వచ్చాము. ఇంట్లో సరిగ్గా 32 పేజీలకు కుదిరిన సంచిక దుకాణానికి వెళ్లేసరికి 33 పేజీలయ్యేది. మధ్యకు మడిచి పిన్నులు కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి కనుక, ఆ ఒక్క పేజీ కోసం మూడు ఖాళీ పేజీలు అచ్చు వేయించాలి, లేదా కౌంటరు దగ్గరే నిలబడి ఎవరి కవితలోనో ఒక పాదం కత్తిరించాలి. రెండూ చేశాము. కవి ఊరుకోలేదు.

కారణం తెలిశాక ఇందులో దుకాణంవారి తప్పేమీ లేదని అర్థమైంది. ఆ టిక్కు ఉన్నంతకాలం రైటర్ ప్రతి అక్షరం వెడల్పును అప్పుడు ఎంచుకొని ఉన్న ప్రింటరునే అడుగుతుంది. ఒక ప్రింటరు అంగుళానికి 360 చుక్కల లెక్కన జవాబు చెబితే, మరొకటి 600 చుక్కల లెక్కన చెబుతుంది. రెంటిలోనూ వెడల్పును పూర్తి చుక్కలకు సవరించడం తప్పదు, ఆ సవరణలు పంక్తి పొడవునా పోగుపడతాయి. తెలుగులో పదాలు పొడుగు కాబట్టి చివరి పదం పట్టకపోతే ఏకంగా ఐదారు అక్షరాలు కింది పంక్తిలోకి దిగిపోతాయి. అలా ఒక పేరాకు ఒక పంక్తి పెరిగితే చాలు, తర్వాతి పేజీలన్నీ కదులుతాయి. టిక్కు తీసేస్తే రైటర్ ఏ ప్రింటరునూ అడగదు, తానే ఊహించుకున్న ఒక స్థిరమైన సూక్ష్మ కొలతతో పంక్తులు విరుస్తుంది. కొత్తగా తెరిచే ఫైళ్లలో ఈ టిక్కు ఉండదు. మా పాత ఫైలు దాన్ని తన వెంట మోసుకొచ్చింది. ఈ అమరిక ఆయా ఫైలుకే వర్తిస్తుంది కనుక, పాత సంచికలు తెరిచిన ప్రతిసారీ ఒకసారి చూసుకోవలసిందే.

ఇక తెర సంగతి. ఇక్కడ మెచ్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 96 చుక్కల తెరమీద 12 పాయింట్ల అక్షరానికి దక్కేది 16 పిక్సెళ్ల ఎత్తు మాత్రమే, అదే 600 చుక్కల లేజర్ మీద 100 చుక్కలు దక్కుతాయి. ఒక అక్షరం వెడల్పు 9.4 పిక్సెళ్లు రావలసి ఉంటే తెర దాన్ని 9కి కుదిస్తుంది. అదే అక్షరం కాగితం మీద 58.75 చుక్కలు, 59కి సవరించినా కంటికి ఆనదు. పంక్తి పొడవు కాగితం లెక్క ప్రకారమే ఉండాలి, అక్షరాలేమో పూర్తి పిక్సెళ్ల మీదనే నిలవాలి. ఈ రెంటికీ వచ్చే తేడాను రైటర్ ఎక్కడో ఒకచోట సర్దుతుంది, సర్దినచోట ‘ప్రభుత్వం’ అన్న పదం ‘ప్రభు త్వం’ లాగా విడిపోయి కనబడుతుంది. జూమ్‌ను 200 శాతానికి పెంచితే ఆ ఖాళీ మాయమవుతుంది. అలా మాయమైతే అది తెర చేసిన మోసమే కనుక ఫైలును ముట్టుకోకూడదు. మా సంస్థలో ఉత్సాహవంతులొకరు ఆ ఖాళీలను చూడలేక క్యారెక్టర్ స్పేసింగ్‌లో అక్షరాలను దగ్గరికి జరిపారు. తెరమీద ముచ్చటగా కుదిరింది, అచ్చులో మాత్రం వత్తులు పక్క అక్షరం కాళ్లు తొక్కాయి.

ఎక్స్‌పీలో మొదట ఆపివుంచిన క్లియర్‌టైప్‌ను డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో అపియరెన్స్, ఎఫెక్ట్స్ దగ్గర పెట్టుకుంటే ఎల్‌సీడీ తెర మీద అంచులు నునుపవుతాయి గాని, అక్షరాల ఎడం మారదు. తెర కొలతను 96 నుంచి 120కి పెంచితే 12 పాయింట్ల అక్షరానికి 20 పిక్సెళ్లు దక్కి కొంత మేలు కనబడుతుంది. కాకపోతే కొన్ని పాత ప్రోగ్రాముల పెట్టెల్లో బొత్తాలు అంచు దాటిపోతాయి. నేను 120కే అలవాటుపడ్డాను.

ఆ గడిని పొగిడినప్పుడు ఏ ప్రింటరు దగ్గరైనా పేజీలు కదలవన్న భావం కలిగి ఉంటే దాన్ని కొంచెం తగ్గించుకోవాలి. అవతలి కంప్యూటరులో మన ఫాంటే లేకపోతే రైటర్ మరొకదాన్ని తెచ్చి పెడుతుంది, అప్పుడు ఏ కొలతా నిలవదు. అందుకే ఇప్పుడు ఫైలు ఇవ్వడం మానేసి, ఫాంట్లు లోపలే ఇమిడి ఉండే పీడీఎఫ్ ఇస్తున్నాను. అందులోనూ ఒక మెలిక ఉంది. అడోబ్ రీడరులో ప్రింటు ఇచ్చేటప్పుడు పేజీని కాగితానికి సరిపడేలా కుదించే ఎంపిక ఉంటే అక్షరాలు, ఎడాలు, మార్జిన్లు అన్నీ కలిసి రెండు మూడు శాతం చిక్కిపోతాయి. ‘యాక్చువల్ సైజ్’ పెట్టమని దుకాణంలో ప్రతిసారీ చెప్పాలి. వత్తులు తప్పిపోయే మొండి ప్రింటరైతే అడ్వాన్స్‌డ్‌లో ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ పనికొస్తుంది, కాని ముద్రణ నెమ్మదిస్తుంది.

అనుకోకుండా దక్కిన మేలు మరొకటి ఉంది. 5.3 నుంచి లిబ్రెఆఫీస్ అక్షరాల కూర్పును విండోస్‌కు వదలకుండా హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు కూర్చే ఇంజనుతో తానే చేసుకుంటుంది. ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి దాటి మండలి, రామభద్ర వంటి తర్వాతి ఫాంట్లు పెట్టినా నా యంత్రంలో వత్తులు వాటి చోట వాటికి కూర్చుంటున్నాయి. తెలుగు మధ్యలో ఇంగ్లీషు మాటలు వస్తే మాత్రం జాగ్రత్త అవసరం. వాటి ఫాంటు, సైజు వేరే గడిలో ఉంటాయి, రెండూ పొంతన లేకుండా ఉంటే ఆ మాట తర్వాతి ఖాళీ కూడా వింతగా కనబడుతుంది.

పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌తో పోల్చి అడిగేవారికి నా దగ్గర సూటి సమాధానం లేదు. అక్కడ అను ఫాంట్లలో వత్తు విడి అక్షరమే కనుక, పంక్తుల రెండు అంచులూ సమం (జస్టిఫై) చేసినప్పుడు లెటర్ స్పేస్ సాగితే వత్తు తన అక్షరాన్ని వదిలి జరుగుతుంది. కనిష్ఠం, గరిష్ఠం రెండూ సున్నా చేస్తే గాని కుదరదు. రైటర్ 5.4 అక్షరాల మధ్య సాగదీయదు, పదాల మధ్యనే సాగదీస్తుంది కాబట్టి ఆ బాధ లేదు, బదులుగా ఇరుకు కాలముల్లో పదాల మధ్య గుంటలు పడతాయి. తెలుగు హైఫనేషన్ పెడితే అవి తగ్గుతాయి, పంక్తి చివర అడ్డుగీతలు మా పెద్దలకు నచ్చవు కనుక నేను ఒకే కాలముతో సరిపెట్టుకున్నాను. నాది నలుపు తెలుపు పత్రిక, ప్రతులు తక్కువ. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది కనుక యంత్రాన్ని ఇంటర్నెట్టుకు కలపను, ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోనే తిరుగుతాయి. ఏళ్ల తరబడి అను ఫైళ్లు పోగుపడి ఉన్నవారు, రంగుల కవరుతో ఆఫ్‌సెట్టుకు వెళ్లేవారు నా మాట విని పేజ్‌మేకర్‌ను పక్కన పెట్టనవసరం లేదు.