టెక్సాస్‌లోని గాల్వెస్టన్ బేలో ఫిషింగ్ ట్రిప్ బుక్ చేసుకునే మనవాళ్ళు ముందు ఇది చదవండి

నిన్న శనివారం జరిగింది. రాత్రి కన్ను మూతపడలేదు, కోపం ఇంకా తగ్గలేదు. వరస తప్పితే ఏమీ అనుకోకండి.

హ్యూస్టన్ పక్కన కేటీ, షుగర్‌ల్యాండ్ గ్రూపుల్లో మనవాళ్ళంతా ఒకరికొకరు నంబరు పంపుకుంటారే, డబ్బు తీసుకుని పడవలో చేపలు పట్టడానికి తీసుకెళ్ళే ఆ కెప్టెన్ గురించే. పేరు రాయను, మీలో చాలామందికి తెలుసు. నలుగురూ బాగుందన్నారని నేనూ ఇంకేం అడక్కుండా 200 డాలర్లు అడ్వాన్సు కొట్టేశాను. సగం రోజుకి మొత్తం 650. నాన్న నర్సాపురం నుంచి వచ్చి రెండు నెలలైంది, ఇంట్లో కూర్చుని కూర్చుని విసిగిపోయారు. చిన్నప్పటి నుంచి గోదావరిలో గాలం వేసిన మనిషి. ఏప్రిల్‌లో ఇక్కడ ట్రౌట్ అనే చేప బాగా పడుతుందని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

ముందురోజు సాయంత్రం కెప్టెన్‌ని చేపలు పట్టే లైసెన్సుల గురించి అడిగితే, "అక్కర్లేదు, నా లైసెన్సు మీ అందరికీ సరిపోతుంది" అన్నాడు. టెక్సాస్‌లో అది అబద్ధం. గైడు ఉన్నా సరే, పెద్దవాళ్ళలో గాలం పట్టే ప్రతి ఒక్కరికీ సొంత లైసెన్సు ఉండాలి. నాకెందుకో అనుమానం వచ్చి రాత్రే ఆన్‌లైన్‌లో నాన్నకి ఒక్కరోజు లైసెన్సు 16 డాలర్లు పెట్టి తీశాను. ఆ మాట దగ్గరే నేను మేలుకోవాల్సింది. లైసెన్సు తీశాను గానీ మనిషిని మాత్రం నమ్మాను.

పొద్దున ఈస్ట్ బే వైపు తీసుకెళ్ళాడు. దక్షిణపు గాలి గట్టిగానే ఉంది, ఇక్కడ వసంతమంతా అంతే. ఒకచోట రొయ్యలు పైకి ఎగిరిపడుతుంటే పక్షులు మూగి అరుస్తున్నాయి. బెండు కింద బతికున్న రొయ్యని గుచ్చి విసరడం, బెండుని టక్కున లాగి వదలడం. నీళ్ళలో బుడుంగుమన్న ఆ చప్పుడుకి చేప వస్తుంది. నాన్నకి రెండోసారికే పట్టుబడిపోయింది. ట్రౌట్ నోరు మెత్తన, గట్టిగా లాగితే చిరిగి పోతుంది. ఎవరూ చెప్పకుండానే ఆయన నిదానంగా దగ్గరికి తెచ్చుకున్నారు.

అసలు విషయం ఆ చేప గురించే. వీపు మీద నల్ల చుక్కలు, వెండిలా మెరుస్తోంది, మిగతావాటి కంటే పెద్దది. నాన్న చెయ్యి తడుపుకుని పొట్ట మీద మెల్లగా రాసి చూశారు. "గుడ్లతో ఉందిరా. పాపం, వదిలెయ్యమను" అన్నారు. నేను కెప్టెన్‌కి ఇంగ్లీషులో చెప్పాను. నవ్వి, చేపని నాన్న చేతుల్లోంచి తీసుకుని కొలబద్ద మీద పెట్టాడు. తోక విచ్చుకునే ఉంది. 20 అంగుళాలకి పావు తక్కువ. "ఇది ఉంచుకోవచ్చు" అని తనే ఐసు పెట్టెలో వేశాడు. దానికి ముందు నాన్న చేతికిచ్చి ఫొటో మాత్రం తీసుకున్నాడు.

తెలియనివాళ్ళకి: 2024 నుంచి ఇక్కడ ట్రౌట్ మనిషికి మూడే, మామూలుగా 15 నుంచి 20 అంగుళాల లోపే ఉండాలి. కొలిచేటప్పుడు నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి, ఎంత పొడుగొస్తే అంత లెక్క. ఇది నాకు నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి తెలిసింది. ఇదే అతని వృత్తి, అతనికి తెలియదంటే నేను నమ్మను.

ఒడ్డుకి వచ్చాం. 650లో మిగిలింది కట్టాను, పైన 100 క్యాష్ టిప్పు చేతిలో పెట్టాను. అప్పుడే పడవలు దింపే ర్యాంప్ దగ్గరికి గేమ్ వార్డెన్ (వేట, చేపల రూల్సు చూసే రాష్ట్ర అధికారి) వచ్చి పెట్టె తెరవమన్నాడు. ఒక్కొక్క చేప తీసి కొలుస్తున్నాడు. ఈ చేప దగ్గర ఆగి, రెండు వేళ్ళతో తోక నొక్కాడు. 20 దాటి ఇంకో పావు. "ఇది ఎవరిది?" అని అడిగాడు.

కెప్టెన్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వేలెత్తి మా నాన్నని చూపించాడు. "ఆ పెద్దాయనది. వదిలెయ్యమని చెప్పాను, వినలేదు" అన్నాడు.

అసలు వదిలెయ్యమన్నదే మా నాన్న! నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం. తన వైపు వేలు చూపిస్తుంటే, మెచ్చుకుంటున్నాడేమో అనుకుని నవ్వుతూ తలూపారు. ఆ నవ్వు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నా జేబులో ఫోను ఉంది, పొద్దుటి నుంచి నలభై ఫొటోలు తీశాను. కానీ వాడు కొలిచి పెట్టెలో వేసినప్పుడు ఒక్కటి తీయలేదు. నేను ఎంత చెప్పినా వార్డెన్ దగ్గర అది నా మాట, అతని మాట. వార్డెన్ మర్యాదగానే మాట్లాడాడు, అతని తప్పేం లేదు. చేప తీసుకుని, జరిమానా టికెట్ నాన్న పేరు మీద రాశాడు. పాస్‌పోర్టు ఇంట్లో ఉంటే నా ఫోన్లో ఉన్న కాపీ చూపించాల్సి వచ్చింది.

జరిమానా 25 నుంచి 500 డాలర్ల మధ్య ఉంటుందట, కట్టేస్తాను. డబ్బు గురించి కాదు నా బాధ. డెబ్బై ఏళ్ళలో పోలీసు స్టేషను గడప తొక్కని మనిషి, విజిటర్ వీసా మీద కొడుకు ఇంటికొస్తే చేతికి కోర్టు కాగితం ఇప్పించాను. అందులో కోర్టు అనే మాట చూసినప్పటి నుంచి అమ్మకి ఒకటే టెన్షన్, రాత్రి అన్నం ముట్టలేదు. మళ్ళీ వీసాకి వెళ్ళినప్పుడు ఇది అడుగుతారా అని నాన్న నన్ను మూడుసార్లు అడిగారు. సోమవారం లాయర్‌తో మాట్లాడాలి.

కెప్టెన్‌కి రాత్రి మెసేజ్ పెట్టాను. "పడవలో ఉన్నవాళ్ళదే బాధ్యత" అని ఒక్క లైను పంపి బ్లాక్ చేశాడు. ఈ పొద్దున అతని పేజీలో నాన్న ఆ చేప పట్టుకున్న ఫొటో పెట్టాడని మా కొలీగ్ పంపాడు. కింద "ఇంకో హ్యాపీ కస్టమర్" అని రాశాడు. అప్పుడే అర్థమైంది, వదిలెయ్యమన్నా ఎందుకు వినలేదో.

ఎవరైనా వెళ్ళేటట్టయితే, ఎవరి లైసెన్సు వాళ్ళు తీసుకోండి. గైడుకి రాష్ట్రం ఇచ్చే గైడ్ లైసెన్సు, కోస్ట్ గార్డ్ లైసెన్సు రెండూ ఉండాలి, చూపించమని అడగండి. చేపల లెక్కలో గైడుకి వాటా ఉండదు, డబ్బు కట్టినవాళ్ళని లెక్కపెట్టి మనిషికి మూడు, అంతే. ప్రతి చేపా మీరే తోక నొక్కి కొలిచి, కొలబద్ద మీద ఉండగానే ఫొటో తీయండి. టిప్పు కారెక్కే ముందు ఇవ్వండి.

వచ్చే వారం ఇతని దగ్గర బుకింగ్ ఉన్నవాళ్ళు ఉంటే నాకు మెసేజ్ చేయండి. అతని పేజీ తెరవగలిగిన వాళ్ళెవరైనా ఆ ఫొటో తీసెయ్యమని అడగండి, నాన్న పొద్దుటి నుంచి అదొక్కటే అడుగుతున్నారు.