అన్నభేది పిచికారీనా, కొవ్వు తిత్తుల్లో ఇనుమా?

వేరుశనగలో లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే ఇనుము లోపమని మన రైతుకు తెలుసు. మందూ తెలిసిందే: ఎకరాకు 200 లీటర్ల నీటిలో కిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం), 200 గ్రాముల నిమ్మ ఉప్పు. చవక, దగ్గర్లోనే దొరుకుతుంది. కలిపిన నీళ్లు తుప్పు రంగుకు తిరగకముందే కొట్టెయ్యాలి, అంతే. చిక్కల్లా ఆకు మీది మైనపు పొరతోనే. చాలా మందు పైపైనే ఆరిపోతుంది, మళ్లీ డ్రమ్ము కలపాల్సి వస్తుంది.

రెండో దారి లైపోసోములు. మొక్కల నుంచి తీసిన కొవ్వులతో చేసిన, సుమారు 100 నానోమీటర్ల తిత్తులు. పోషకం లోపల ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఫలితాల్లో, చల్లిన తిత్తుల్లో 33 శాతం దాకా ఆకులోకి దిగాయి. తిత్తుల్లో పెట్టని విడి అణువులైతే ఒక్క శాతం కూడా లేదు! మామూలు పోషకాలకు లొంగని ఇనుము, మెగ్నీషియం లోపాల నుంచి టమాటా మొక్కలు కోలుకున్నాయి.

అయినా వేరుశనగ చేనుకు నా ఓటు అన్నభేదికే. కొవ్వును అంత సన్నటి తిత్తులుగా, ఒకే సైజులో చేయడం ఖర్చుతో కూడిన పని. బ్రాసినోస్టిరాయిడ్ల లాంటి, చిటికెడుతో పనిచేసే ఖరీదైన మొక్కల హార్మోన్లకైతే లెక్క వేరు. అక్కడ తిత్తులవైపే మొగ్గుతాను.