కాళ్ల తాళమా, కాళ్ల కొక్కేలా?

బెంగళూరు మారతహళ్లిలో సాయంత్రం బ్రెజిలియన్ జియు-జిత్సు (నేల మీద పట్లు పట్టే కుస్తీలాంటి ఆట) క్లాసుకొచ్చే మా తెలుగు బ్యాచ్‌లో తెగని వాదన: కింద పడ్డాక కాళ్లతో అవతలివాణ్ని ఆపే పద్ధతుల్లో (వీటినే గార్డ్ అంటాం) ఏది మేలు, క్లోజ్డ్ గార్డా, బటర్‌ఫ్లై గార్డా?

క్లోజ్డ్ గార్డ్ అంటే రెండు కాళ్లూ అవతలివాడి నడుము చుట్టూ వేసి, వాడి వీపు వెనక మడమలు మెలెయ్యడం. తాళం పడింది కదా అని చాలామంది అక్కడే సేద తీరతారు. తాళంతో పని కాదు. మోకాళ్లు మన గుండెల వైపు లాక్కుంటేనే వాడి నడుము వంగుతుంది, చేతులు మ్యాట్ మీద ఆనతాయి. ఆర్మ్‌బార్ (మోచేతిని వెనక్కి విరిచే పట్టు), ట్రయాంగిల్ (కాళ్లతో మెడ బిగించే పట్టు) దొరికేది అప్పుడే. 1994లో యూఎఫ్‌సీ 4 అనే ఫైటింగ్ పోటీ ఫైనల్లో జియు-జిత్సు ఆటగాడు రాయ్స్ గ్రేసీ తనకంటే ఎంతో బరువైన డాన్ సెవర్న్ కింద దాదాపు 16 నిమిషాలు ఓపిక పట్టి, ట్రయాంగిల్‌తోనే లొంగదీశాడు.

బటర్‌ఫ్లైలో మన పాదాలు అవతలివాడి తొడల లోపల కొక్కేల్లా ఉంటాయి. కూర్చునే ఆడాలి, వీపు నేలకి అంటిందో, సగం పోయినట్టే. చంక కింద చెయ్యి దూర్చి, పక్కకి ఒరుగుతూ కొక్కెం ఎత్తితే స్వీప్, అంటే వాణ్ని తిరగేసి మనం పైకి రావడం, 2 పాయింట్లు. ఈ గార్డ్‌కి పేరుమోసిన మార్సెలో గార్సియా ఆట చూడండి. కానీ అవతలివాడు మన కాళ్లు దాటేస్తే వాడికి 3.

నావి పొట్టి కాళ్లు. లావుపాటివాడి నడుము చుట్టూ అసలు అందవు. పైగా గీ (ఈ ఆటకి వేసుకునే మందపాటి కోటు, ప్యాంటు) లేని రోజు చెమటకి తాళం జారిపోతుంది. అందుకే నా ఓటు బటర్‌ఫ్లైకే. కొత్తగా చేరినవాళ్లకి మాత్రం ముందు క్లోజ్డ్ గార్డే చెప్తాను.