కొలోసియం టికెట్టు 18 యూరోలే, పిల్లలకి ఉచితం. మధ్యవాళ్ళకి 59 కట్టకండి

వేసవి సెలవులకి రోమ్, పారిస్ అనుకుని టికెట్లు వెతుకుతున్నవాళ్ళు కార్డు నంబరు కొట్టేముందు ఇది ఒకసారి చదవండి. మా అక్కావాళ్ళకి జరిగిన సంగతి. నేను మ్యూనిక్‌లో ఉంటాను కాబట్టి ఏటా విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో మావాళ్ళు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. చాలామంది దెబ్బ తినేది టికెట్లు కొనే దగ్గరే. పాకెట్ కొట్టేవాళ్ళ గురించి అందరూ హెచ్చరిస్తారు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో పోగొట్టుకునే డబ్బు గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

అక్క, బావగారు, 14 ఏళ్ళ మేనకోడలు, 10 ఏళ్ళ మేనల్లుడు. మొత్తం నలుగురు. రోమ్‌లోని పురాతన క్రీడా ప్రాంగణం కొలోసియం చూద్దామని, గూగుల్‌లో కొలోసియం టికెట్లు అని కొడితే అన్నిటికన్నా పైన వచ్చిన లింకు నొక్కారు. అది ప్రకటన అని పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫోన్‌లో ఎవరికి కనబడుతుంది? లోపల ఇటలీ జెండా రంగులు, కొలోసియం ఫొటో, సైటు చిరునామాలోనే 'అఫీషియల్' అన్న మాట. ఎర్ర అక్షరాల్లో "ఈ తేదీకి కొన్ని టికెట్లే మిగిలాయి" అని ఒకటి, దాని కింద పది నిమిషాల నుంచి వెనక్కి నడిచే గడియారం ఒకటి. ఆ టెన్షన్‌లో తలకి 59 యూరోల చొప్పున 236 యూరోలు కట్టేశారు. ఫారంలో నలుగురి పేర్లు, పుట్టిన తేదీలు అన్నీ అడిగారు. అది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెబుతాను.

కట్టాక మెయిల్లో వచ్చింది టికెట్టు కాదు, వోచరు. చెప్పిన టైముకి ముప్పావుగంట ముందు మెట్రో స్టేషన్ దగ్గర పసుపు గొడుగు పట్టుకున్న మనిషిని కలవాలి అని. వీళ్ళు వెళ్ళారు. అక్కడ పసుపు గొడుగులు మూడున్నాయి. జులై ఎండలో పిల్లలతో నిలబడి, ఫోన్లు చేసి, చివరికి ఆ మనిషి వచ్చి ఒక కవరు చేతిలో పెట్టి, అదిగో గేటు అని చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు. గైడూ లేడు, ఆడియో లేదు. వరుసలో నిలబడక్కర్లేదని సైటులో రాశారు, ఆ వరుసా తప్పలేదు. భద్రతా తనిఖీ దగ్గర అందరూ నిలబడాల్సిందే, దాన్ని ఎవరూ అమ్మలేరు.

కవర్లోంచి తీసిన టికెట్లని మేనకోడలు ఫొటో తీసి నాకు పంపింది. పెద్దల టికెట్ల మీద ధర 18,00 అని అచ్చు వేసి ఉంది. పిల్లల టికెట్ల మీద 0,00.

ఇటలీలో ప్రభుత్వ మ్యూజియాలు, పురాతన కట్టడాల్లో 18 ఏళ్ళ లోపు పిల్లలకి, వాళ్ళు ఏ దేశం వాళ్ళయినా సరే, ప్రవేశం ఉచితం. కొలోసియం కూడా అంతే. పెద్దలకి మామూలు టికెట్టు 18 యూరోలు, అందులోనే పక్కనున్న ఫోరం, పాలటైన్ కొండ శిథిలాలు కూడా కలుపుకుని. అంటే ఈ నలుగురికి అయ్యే ఖర్చు 36 యూరోలు. పుట్టిన తేదీలు చేతిలో ఉండి, పిల్లల పేరు మీద సున్నా టికెట్టు తీసి, దానికి 59 వసూలు చేశారు. యూరో వంద రూపాయలు అనుకున్నా ఇరవై వేలు గాలికి పోయాయి.

డబ్బు తిరిగి ఇమ్మని మెయిల్ పెడితే రెండు లైన్ల జవాబు: మీరు కొన్నది మా సేవ, వయసును బట్టి తగ్గింపు మా ప్యాకేజీకి వర్తించదు. సైటు అట్టడుగున బూడిదరంగు అక్షరాల్లో "మేము స్వతంత్ర విక్రేతలం, కొలోసియంతో సంబంధం లేదు" అని రాసుకున్నారు లెండి. బ్యాంకులో కార్డు డిస్ప్యూట్, అంటే కట్టిన డబ్బు మీద అభ్యంతరం, వేశారు బావగారు. టికెట్లు అందాయి, లోపలికి వెళ్ళారు కాబట్టి సేవ అందినట్టే అని బ్యాంకువాళ్ళు మూసేశారు. నకిలీ టికెట్టు అయ్యుంటే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదన్నా పెట్టుకోవచ్చు. ఇది అదీ కాదు. చట్టం లోపలే ఉంటూ జేబు ఖాళీ చేసే పద్ధతి, అందుకే నాకు దొంగతనం కంటే ఎక్కువ ఒళ్ళు మండుతోంది.

"అసలు సైటులో టికెట్లు ఎప్పుడూ అయిపోయాయనే ఉంటుంది, ఏం చేస్తాం" అని బావగారు అన్నది నిజమే. దానికీ కారణం ఉంది. దళారులు కంప్యూటర్ ప్రోగ్రాములు పెట్టి, విడుదలైన నిమిషాల్లో టికెట్లు ఊడ్చేసేవాళ్ళు. 2025 ఏప్రిల్‌లో ఇటలీలో వ్యాపార పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ, అంతకుముందు టికెట్లు అమ్మిన సంస్థకి, కొన్ని టూరు కంపెనీలకి కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది కూడా. దళారుల్ని ఆపడానికే 2023 అక్టోబరు నుంచి టికెట్టు మీద మనిషి పేరు తప్పనిసరి చేశారు, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూస్తారు. మనవాళ్ళకి ఇందులో ఇంకో మెలిక. ఇంటిపేరుకి అలవాటుగా ఒక అక్షరం పెట్టి పేరు కొట్టేస్తాం. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి.

అధికారిక సైటు టికెటింగ్ డాట్ కొలోసియో డాట్ ఐటీ. మీరు వెళ్ళే రోజుకి సరిగ్గా 30 రోజుల ముందు టికెట్లు తెరుస్తారు. ఆ రోజు క్యాలెండర్లో అలారం పెట్టుకుని కూర్చుంటే దొరుకుతాయి, ఈసారి వచ్చిన మా పిన్నీవాళ్ళకి అలాగే తీశాను. నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితమే కానీ, ఆ రోజు అక్కడ జాతరే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పను.

గైడుతో కలిపి అమ్మేవాళ్ళందరూ మోసగాళ్ళు అనడం లేదు. లైసెన్సున్న గైడు రెండు గంటలు తిప్పి చెబితే ఆ రాళ్ళగుట్టలకి ప్రాణం వస్తుంది, దానికి యాభై అరవై యూరోలు పెట్టొచ్చు. కాకపోతే గైడు ఉంటాడా, ఏ భాషలో, ఎంతసేపు, టికెట్టు అసలు ధర ఎంత అన్నవి విడివిడిగా రాసి ఉండాలి. 'హోస్టెడ్ ఎంట్రీ' అని మాత్రమే ఉంటే దానర్థం పసుపు గొడుగు.

రోమ్‌లోనే ఇంకోటి. సెయింట్ పీటర్స్ బసిలికా అనే పెద్ద చర్చికి, వరుస తప్పిస్తామంటూ 'స్కిప్ ద లైన్' టికెట్లు పాతిక యూరోలకి చూపిస్తారు. ఆ చర్చిలోకి ప్రవేశం ఉచితం. గుమ్మటం ఎక్కాలంటేనే టికెట్టు. పొద్దున్న ఏడింటికి తలుపులు తీస్తారు, ఆ వేళకి వెళ్తే వరుస కూడా పెద్దగా ఉండదు. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి, అంతే. పక్కనున్న వాటికన్ మ్యూజియం వేరు, దానికి 20 యూరోలు, ఆన్‌లైన్లో అయితే ఇంకో 5. వాటికన్ అసలు సైటు చిరునామా డాట్ వీఏ అని ముగుస్తుంది, అది బయటివాళ్ళకి దొరకదు కాబట్టి గుర్తుపట్టడం తేలిక. డాట్ ఐటీ, డాట్ పారిస్ మాత్రం అక్కడి ప్రైవేటు కంపెనీలు కూడా తీసుకోవచ్చు, చివర చూసి నమ్మేయకండి.

పారిస్‌లో కథ ఇదే. నోత్రదామ్ చర్చిని అగ్ని ప్రమాదం తర్వాత 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. లోపలికి వెళ్ళడానికి డబ్బు కట్టక్కర్లేదు, ముందుగా టైము బుక్ చేసుకున్నా ఉచితమే. లూవ్ర్ మ్యూజియం మనలాంటి యూరప్ బయటివాళ్ళకి 2026 జనవరి నుంచి 32 యూరోలు చేశారు, బాధగానే ఉంటుంది, కానీ 18 లోపు పిల్లలకి ఇప్పటికీ ఉచితం. మంగళవారం సెలవు. ఐఫిల్ టవర్ లిఫ్టు టికెట్లు సుమారు 60 రోజుల ముందు వస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో, నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ఇల్లు చూడాలంటే ఇంకా కచ్చితంగా ఉండాలి. ప్రతి మంగళవారం ఉదయం పదింటికి, అంటే వేసవిలో మన టైము మధ్యాహ్నం ఒకటిన్నరకి, ఆరువారాల తర్వాతి టికెట్లు వాళ్ళ సొంత సైటులోనే పెడతారు. ఇంకెక్కడ ఆ టికెట్టు కనబడినా కొనకండి.

డబ్బు కట్టేటప్పుడు "రూపాయల్లో కడతారా, యూరోల్లోనా" అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయల్లో అంటే వాళ్ళు చెప్పిందే మారకం రేటు. ఏటీఎంలోనూ ఇదే.

వీసా దగ్గర కూడా పిల్లల లెక్క చూసుకోండి. చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు వాళ్ళకి 45, ఆరేళ్ళలోపు వాళ్ళకి ఏమీ లేదు. వీసా కేంద్రం సర్వీసు ఛార్జీ వేరేగా ఉంటుంది. ఏజెంటు నలుగురికీ కలిపి ఒకే అంకె చెబితే విడదీసి రసీదు అడగండి. ఈటీయాస్ అని ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి ఒకటి చేయిస్తామంటారు, అది వీసా అక్కర్లేని దేశాల వాళ్ళ కోసం, మనకి కాదు. 2025 అక్టోబరులో మొదలైన ఈఈఎస్ అంటే సరిహద్దులో వేలిముద్రలు, ఫొటో తీసుకోవడం. దానికి ముందస్తు రిజిస్ట్రేషన్ అంటూ డబ్బు అడిగే సైటు కనబడితే మూసేయండి, అక్కడ పైసా కట్టేది లేదు.