ఆన్‌లైన్లో చవక కార్బన్ హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ సైకిల్) ఫ్రేమ్ కొనేవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

కోపంలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. పేరూ స్టిక్కరూ ఏమీ లేని 29 అంగుళాల చక్రాలకి సరిపోయే కార్బన్ ఫ్రేములు అమ్మే ఆ సెల్లర్ ఎవరో మీలో చాలామందికి తెలుసు, తక్కువలో బిల్డ్ చేయాలని ఎవర్నడిగినా అతని లింకే పంపిస్తారు, నేనూ అలాగే వెళ్లా. ఆర్డర్ పెట్టేముందు ఒకటికి నాలుగుసార్లు అడిగా, రాళ్ల దారుల్లో తొక్కుతా, చిన్న చిన్న జంపులుంటాయి, నా బరువింత, తట్టుకుంటుందా అని. నిశ్చింతగా తొక్కు, రెండేళ్ల వారంటీ, మా ఫ్రేములన్నీ ఐఎస్‌ఓ 4210 (సైకిళ్ల భద్రతా ప్రమాణం) పాసైనవే అన్నాడు. ఆ టెస్టుల్లో పెడల్ బలాన్ని లక్షసార్లు వేసి చూస్తారని నాకు తెలుసు, అయినా రిపోర్ట్ చూపించమని ఒక్కమాట అడగలేదు. అది నా తప్పే.

ఇంకో తప్పు కూడా చేశా. బడ్జెట్ బిల్డ్ అంటే తెలుసుగా, ఒక నెల ఫోర్క్, ఇంకో నెల వీల్స్, ఆ తర్వాత గ్రూప్‌సెట్ (గేర్లు, క్రాంక్, బ్రేకుల సెట్), ఇలా ఒక్కొక్కటే కూడబెట్టుకుంటూ వస్తాం. అన్నాళ్లూ ఫ్రేమ్ బాక్సులోనే ఉంది. తీరా బిగించడం మొదలుపెట్టేసరికి ప్లాట్‌ఫామ్‌లో కంప్లైంట్ పెట్టే గడువు అయిపోయింది.

మొదటి తేడా బాటమ్ బ్రాకెట్ దగ్గరే, అంటే పెడల్స్ క్రాంక్ తిరిగే బేరింగులు కూర్చునే చోటే తెలిసింది. బీబీ92 ప్రెస్‌ఫిట్ (మరలు లేకుండా నొక్కి బిగించే రకం), షెల్ (ఫ్రేమ్‌లో ఆ బేరింగులు కూర్చునే గొట్టం) లోపలి కొలత 41 మిల్లీమీటర్లు ఉండాలి, బేరింగ్ కప్పు ప్రెస్ టూల్‌తో నొక్కితే బిగుతుగా లోపలికి పోవాలి. నాకు కుడివైపు అలాగే పోయింది, ఎడమవైపు మాత్రం బొటనవేలితో నెడితే జారిపోయింది. క్యాలిపర్ పెట్టి చూస్తే ఒకవైపు 41, అడ్డంగా తిప్పి కొలిస్తే 41.2, అంటే రంధ్రం గుండ్రంగానే లేదు. సెల్లర్‌కి ఫొటో పంపిస్తే, ఏం కాదు, రిటైనింగ్ కాంపౌండ్ (వదులు భాగాల్ని పట్టి ఉంచే జిగురులాంటిది) పూసి బిగించు, అందరూ చేసేదే అన్నాడు. నమ్మి పూశా. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఆ తర్వాత ఆరు వారాలు తొక్కా. బండి ఎంత తేలిగ్గా ఎక్కేదో చెప్పలేను, మెట్ట ఎక్కుతుంటే వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టుండేది, అంత ఇష్టపడ్డా దాన్ని. కానీ మూడో వారంనుంచి కిర్రు కిర్రుమని చప్పుడు మొదలైంది. పెడల్స్ విప్పి గ్రీజు పెట్టా, చెయిన్‌రింగ్ బోల్టులు బిగించా, సీట్‌పోస్ట్ తీసి జారకుండా పట్టే కార్బన్ పేస్ట్ పూసి టార్క్ రెంచ్‌తో సరిగ్గా 5 న్యూటన్ మీటర్లకి బిగించా. చప్పుడు పోలేదు. అప్పుడే క్రాంక్ ఊడదీసి చూడాల్సింది, చూడలేదు.

మొన్న రైడ్ నుంచి వచ్చి బురద కడుగుతుంటే ఎడమ చెయిన్‌స్టే (వెనక చక్రం దాకా వెళ్లే కింది గొట్టం) బాటమ్ బ్రాకెట్‌ని కలిసే మూలలో వెంట్రుకంత గీత కనిపించింది. పెయింట్ మీద గీసుకుందేమో అనుకుని గుడ్డతో తుడిచా, పోలేదు. గోటితో అడ్డంగా గీస్తే గోరు తట్టుకుంది. వెనక చక్రం పట్టుకుని పక్కకి కొంచెం ఒత్తితే ఆ గీత తెరుచుకుని మూసుకుంది. నాణెం తీసుకుని కుడి చెయిన్‌స్టే మీద కొడితే టిక్ టిక్‌మని గట్టిగా పలికింది, ఎడమవైపు అదే చోట కొడితే తడి అట్టముక్క మీద కొట్టినట్టు మొద్దుగా వచ్చింది. కప్పు లాగేసి ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూశా, కార్బన్ పొరలు ముడతలు పడి ఉన్నాయి, మోల్డ్ చేసేటప్పుడు లోపల గాలి నింపి వాడిన బ్లాడర్ (సంచి) ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. అంతకు గంట ముందే ఆ ఫ్రేమ్ మీద పూర్తి స్పీడులో రాళ్ల దిగుడు దిగొచ్చా. అల్యూమినియం అయితే చాలాసార్లు ముందు వంగుతుంది, కార్బన్ అలా వంగదు, ఒక్కసారిగా విరిగిపోవచ్చు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతోంది.

ఫొటోలు, వీడియో అన్నీ పంపించా. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వచ్చిన రిప్లై ఇది: బాటమ్ బ్రాకెట్‌లో కెమికల్ వాడావు, అది మోడిఫికేషన్ కిందకొస్తుంది, వారంటీ చెల్లదు.

ఆ కెమికల్ పూయమన్నది అతనే! అదే చాట్‌లో పైకి జరిపితే అతను రాసిన మాట అలాగే ఉంది. స్క్రీన్‌షాట్ తీసి అతనికే పంపించా, ఇది నువ్వు చెప్పిందే కదా అని. చదివినట్టు టిక్కులు పడ్డాయి. పది నిమిషాలాగి, పైగా నువ్వు కొండదారిలో తొక్కావు, అలాంటి వాడకానికి వారంటీ ఉండదు అన్నాడు. మౌంటెన్ బైక్ ఫ్రేమ్ అని పేరు పెట్టి అమ్మినవాడు అనే మాటేనా ఇది? మరి దేనికోసం అమ్మావు అని అడిగితే, కొత్త ఫ్రేమ్ మీద కొంచెం తగ్గిస్తా, తీసుకుంటావా అని అడిగాడు. నేను కింద పడి ఉంటే ఏమయ్యేది అని రాశా. బ్లాక్ చేశాడు. డబ్బు పోయినందుకు ఇంత బాధ లేదు, ఆ ఒక్క ప్రశ్నకి మనిషిగా జవాబు చెప్పకపోవడమే తట్టుకోలేకపోతున్నా.

చవక కార్బన్ అంతా చెత్త అనట్లేదు, నాతో తొక్కేవాళ్లలో ఇద్దరు వేరేచోట కొన్నవి ఏళ్లుగా వాడుతున్నారు. నేను మాత్రం ఫోర్కూ వీల్సూ తీసి, థ్రెడెడ్ (మరలతో బిగించే) బాటమ్ బ్రాకెట్ ఉన్న అల్యూమినియం ఫ్రేమ్‌కి మార్చేస్తున్నా, వెనక యాక్సిల్ అక్కడా 148 బూస్టే (148 మిల్లీమీటర్ల వెడల్పు రకం) కాబట్టి హబ్ సరిపోతుంది.

కొనేవాళ్లకి చెప్పేది కొంచెమే. మిగతా పార్టులు లేకపోయినా సరే, బాక్స్ వచ్చిన రోజే వీడియో తీస్తూ విప్పండి, క్యాలిపర్‌తో షెల్ రెండు దిక్కులా కొలవండి, టార్చ్ వేసి లోపల చూడండి, తేడా ఉంటే గడువులోపే కంప్లైంట్ పెట్టండి, సెల్లర్ మాట విని ఏదీ పూయకండి.

ఇప్పటికే అతని ఫ్రేమ్ మీద తొక్కుతున్నవాళ్లు దయచేసి ఈ రోజే క్రాంక్ ఊడదీసి ఎడమ చెయిన్‌స్టే మూల శుభ్రంగా తుడిచి చూడండి. గీత కనిపిస్తే ఇక ఎక్కకండి, ఫొటో ఇక్కడే కింద పెట్టండి.